గంటసేపు మన గుర్రం

ఆ ఆదివారం ఉదయానికి విశ్వనాథం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి ఒక గుర్రాన్ని కొనాలి. ఎనిమిదింటికి దాన్ని అమ్మేయాలి. ఎనిమిదిన్నరకి ఇడ్లీ తినాలి.

ఈ మూడు పనుల్నీ చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టుకుని, చిల్కానగర్‌లో తాను ఉండే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నవంబరు మంచు ఇంకా వీడలేదు. ఎదురింటి నీళ్ల ట్యాంకు, కరెంటు తీగలు, వీధి చివర పాల ప్యాకెట్ల బండి, అన్నీ ఎవరో సగం చెరిపి వదిలేసినట్టున్నాయి. అలాంటి పొద్దుట ఏ పథకమైనా దానంతట అదే జరిగిపోతుందనిపిస్తుంది. మనిషి మోసపోయేది అలాంటి పొద్దుటే.

విశ్వనాథం ఒక సర్కారు ప్రయోగశాల స్టోర్స్ విభాగంలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. పన్నెండేళ్లుగా ఉప్పల్–నాచారం కార్మికుల పొదుపు సంఘానికి కార్యదర్శి. సంఘం ఆఫీసు అంటే ఉప్పల్‌లో ఒక టిఫిన్ సెంటరు మీద రెండో అంతస్తులో ఉన్న గది. ఫ్యాక్టరీ కార్మికులు, ఆటోవాళ్లు, కూరగాయలమ్మేవాళ్లు ఐదు వందల మంది అందులో నెలనెలా పొదుపు చేస్తారు. అవసరమైనవాళ్లు వడ్డీకి అప్పు తీసుకుంటారు. అప్పు కట్టే నెలలో వడ్డీ దోపిడీ అంటారు. పొదుపు మీద వడ్డీ పంచే నెలలో ఇంతేనా అంటారు. రెండు మాటలూ ఒకే నోటితో, మొహం ఏమాత్రం మారకుండా అంటారు.

వాళ్లలో అరవై మంది ముస్లింలు. వాళ్లు పొదుపు చేస్తారు కానీ వడ్డీ తీసుకోరు, ఇవ్వరు. అంటే సంఘంలో ఉన్నారన్న మాటే గానీ సంఘం వల్ల వాళ్లకు ఒరిగింది ఏమీ లేదు. జహంగీర్ వాళ్లలో ఒకడు. పెళ్లి ఊరేగింపుల్లో గుర్రాన్ని పట్టుకుని నడవడం అతని పని. ఇరవై ఆరేళ్లుగా పరాయివాళ్ల గుర్రాలు పట్టుకుని, వందల మంది పెళ్లికొడుకుల్ని మండపాలకు చేర్చాడు. సొంత గుర్రం కొనాలంటే అప్పు కావాలి. అప్పంటే వడ్డీ. అందుకని యాభై రెండేళ్లొచ్చినా అతనికి గుర్రం లేదు, రోజు కూలి ఉంది.

పోయిన నెలలో ఆ అరవై మందీ కలిసి వచ్చి, వడ్డీ లేని పద్ధతికి మారండి, లేదంటే మా పొదుపు మాకిచ్చేయండి అన్నారు.

"వడ్డీ తీసేస్తే సంఘం గాలి తిని బతుకుతదా సారూ?" అన్నాడు అధ్యక్షుడు చంద్రయ్య. అతను నాచారం ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసినవాడు. యంత్రం ఆగితే తన్నాలి, మనిషి ఆగితే తిట్టాలి అన్నది అతని అనుభవం. సంఘం ఆగితే ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు.

రెండు సమావేశాలు అరుచుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చారు. కొత్త పద్ధతిలో ముందు ఒక్క అమ్మకం చేసి చూపించాలి. ఆదివారం నాలుగింటికి సర్వసభ్య సమావేశం. ఆలోపు జహంగీర్‌కు గుర్రం అమ్మితే సంఘం మారుతుంది. అమ్మలేకపోతే సంఘం పాత దారిన, అరవై మంది తమ దారిన, జహంగీర్ మళ్లీ పరాయి గుర్రం పక్కన.

పద్ధతి ఏమిటో నాచారంలో మతధర్మం చెప్పే ముఫ్తీ సాబ్ నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. "డబ్బు ఇచ్చి ఎక్కువ డబ్బు తీసుకోవద్దు సార్. వస్తువు మీరు కొనండి. లాభం ఎంతో చెప్పి అమ్మండి. వాయిదాల్లో తీసుకోండి. కానీ కొన్న వస్తువు నిజంగా మీ చేతికి రావాలి, కాగితం మీద కాదు. గంటసేపైనా సరే. ఆ గంటలో గుర్రానికి ఏమైనా అయితే నష్టం మీదే. ఆ భయం మోసినందుకే మీకు లాభం."

"గంటసేపేగా," అన్నాడు విశ్వనాథం.

సంఘం గది రెండో అంతస్తు. గుర్రం మెట్లెక్కదు. అందుకని కార్యదర్శి గారి పార్కింగే సంఘం గోదాము అని తీర్మానం రాసుకున్నారు. కొత్త ఫారాలు లేవు కాబట్టి పాత అప్పు దరఖాస్తులో 'అప్పు' కొట్టేసి 'గుర్రం' అని రాశారు. హామీదారు పేరు రాసే గడిలో రంగు తెలుపు అనీ, హామీదారు వృత్తి అన్న చోట ఆడది, ఆరేళ్లు అనీ నింపారు.

ఏడుంబావుకు గుర్రం వచ్చింది. ముందు డెక్కల చప్పుడు వచ్చింది. చాలాసేపటి తర్వాత, మంచే కొంత చిక్కబడి నాలుగు కాళ్ల మీద నడిచొస్తున్నట్టు గుర్రం వచ్చింది. మల్కాజిగిరి నుంచి తోలుకొచ్చిన పాత యజమాని ఈ వ్యాపారం మానుకుంటున్నవాడు. డబ్బు తీసుకుని, సంతకం పెట్టి, "దీని పేరు చాందినీ సార్" అని చెప్పి వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

చాందినీ స్కూటర్ల మధ్య నిలబడి కళ్లు సగం మూసుకుంది. తర్వాత మెడ చాచి, కింది అంతస్తులో విశ్వనాథం వంటింటి కిటికీలోకి తల పెట్టింది.

"ఏవండీ, కిటికీలోంచి ఎవరో చూస్తున్నారు," అంది లోపలినుంచి అతని భార్య తారామణి.

"అది మన గుర్రమే. గంటసేపు."

"గంట తర్వాత?"

"జహంగీర్‌ది."

తారామణి గోబీ ఆకులు అందించింది. గుర్రం మర్యాదగా నమిలింది. ఆ నమిలే చప్పుడు వింటుంటే విశ్వనాథానికి ఏదో చాలా దూరం నుంచి, నిద్రలోంచి వింటున్నట్టు అనిపించింది. అరవై ఏడేళ్లకు ఒక పొద్దుట అతను గుర్రానికి యజమాని అయ్యాడు. ఇది తన పథకంలో ఉన్నదే. అయినా ఇంత తెల్లగా ఉంటుందని అనుకోలేదు.

అతను సంఘం స్టాకు రిజిస్టరు మొదటి పేజీ తెరిచాడు. వస్తువు: గుర్రం. సంఖ్య: ఒకటి. పరిస్థితి: బాగున్నది. ఆఖరి గడి దగ్గర ఆగాడు. వస్తువు మీద రాసిన గుర్తింపు సంఖ్య.

ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో నంబరు లేని వస్తువును విశ్వనాథం సొంతమని ఒప్పుకోలేదు. కుర్చీలకు, ఫ్యాన్లకు, పూలకుండీలకు, పూలకుండీ కింది పళ్లాలకు నంబర్లు వేశాడు. కొత్తగా పెళ్లయిన నెలలో తారామణి పుట్టింటి నుంచి తెచ్చుకున్న ట్రంకు పెట్టెకు కూడా వేశాడు. ఆమె ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు. ముఫ్తీ సాబ్ ఏమన్నాడు? నిజంగా మీది కావాలన్నాడు. నిజంగా తమదని లోకానికి తెలిసేది ఎలా?

రేకు అచ్చులు, నల్ల ఎనామిల్ డబ్బా, కుంచె తెచ్చాడు.

గుర్రం కదల్లేదు. కుంచె తగిలినప్పుడల్లా దాని తోలు చెరువు నీళ్లలా సన్నగా వణికి మళ్లీ సర్దుకుంది. ఎడమ తొడ మీద, జానెడు ఎత్తున, ముందు పై వరుస రాసి, అది ఆరేదాకా కాఫీ తాగి వచ్చి, కింది వరుస రాశాడు. పైన 'సంఘం ఆస్తి'. కింద 'నం. 1'. వెనక్కి జరిగి చూసుకున్నాడు. ఒక్క అక్షరమూ వంకర పోలేదు. అంత తెల్లటి వస్తువు మీద రాసే అవకాశం ఉద్యోగంలో అతనికి ఎన్నడూ రాలేదు.

తారామణి గుమ్మంలోకి వచ్చింది. "అదేమిటండీ?"

"స్టాకు నంబరు."

"ఎప్పటికి పోతుంది?"

"పోవడమేమిటి? ఎనామిల్ పెయింటు. పదేళ్లుంటుంది," అన్నాడు గర్వంగా. అని, తను అన్న మాటే తనకు తిరిగి వినబడి, కుంచె డబ్బాలో వదిలేశాడు.

సరిగ్గా ఎనిమిదింటికి జహంగీర్ వచ్చాడు. స్నానం చేసి, తెల్ల లాల్చీ వేసుకుని, అత్తరు పూసుకుని వచ్చాడు. కుడివైపు నుంచి వచ్చాడు కాబట్టి ముందు అతని మొహం వెలిగింది. మెడ నిమిరాడు. నుదురు నుదుటికి ఆనించాడు. అలా నిమురుతూ చుట్టూ తిరిగి ఎడమవైపుకి వచ్చాడు. చెయ్యి అక్షరాల దగ్గర ఆగింది.

"సార్, ఇదేంది?"

"స్టాకు నంబరు జహంగీర్. నిజంగా మాది కావాలని మీ ముఫ్తీ గారే కదా అన్నారు."

"మీది కావాలన్నడు సార్. బీరువా కావాలనలే."

"ఇప్పుడేమైంది? గుర్రం గుర్రమే కదా."

"పదిన్నరకు నాచారంల బరాత్ ఉంది. తెల్ల గుర్రం తెస్తనని బ్యాండోళ్లకు జబాన్ ఇచ్చిన. ఇది సూస్తే ఏ పెండ్లికొడుకు ఎక్కుతడు సార్? ఎక్కకపోతే బ్యాండోళ్లు నన్ను మళ్ల పిలుస్తరా? పిలవకపోతే మీ కిస్తీలు ఎక్కడికెళ్లి కట్టాలె?"

విశ్వనాథం ముఫ్తీ సాబ్‌కి ఫోన్ చేశాడు. జరిగింది చెప్పాడు.

"గుర్రానికి నంబరు వేశారా?"

"అవునండీ."

"అమ్మకముందా, అమ్మినాకనా?"

"అమ్మకముందేనండీ."

"అయితే నష్టం మీదే సార్. జహంగీర్ కొంటే కొంటాడు, లేకుంటే లేదు. బలవంతం లేదు. మచ్చ పోతుందో లేదో చూసుకొని, ఇద్దరూ కూర్చొని, నిదానంగా కొత్త ధర మాట్లాడుకోండి. అప్పటిదాకా గుర్రం మీదే."

"అప్పటిదాకా అంటే?"

"అమ్మేదాకా."

విశ్వనాథం జేబులోంచి చీటీ తీసి చూశాడు. ఇడ్లీ ఒక్కటే మిగిలింది. అదీ చల్లారి ఉంటుంది.

ఫోన్ల మీద కబురు అందుకుని చంద్రయ్య స్కూటర్ మీద వచ్చాడు. కాళ్ల దగ్గర థిన్నర్ డబ్బా పెట్టుకుని వచ్చాడు. గుర్రాన్ని చూసి హెల్మెట్ తీశాడు.

"ఏంది సారూ గిది? పీఎఫ్ నంబరా?"

"చంద్రయ్యా, వెటకారం తర్వాత. ముందు ఆ డబ్బా ఇటివ్వు."

"వద్దన్న!" అని జహంగీర్ అడ్డం నిలబడ్డాడు. "తోలు కాల్తది. మనిషి మీద పోస్కుంటరా గది?"

"కొందరి మీద పోయాలె," అని చంద్రయ్య విశ్వనాథం వైపు చూశాడు.

తారామణి కొబ్బరినూనె తెచ్చింది. మగవాళ్లు ముగ్గురూ గుడ్డలు తీసుకుని రుద్దారు. ఆరిపోయిన పై వరుస కదల్లేదు. ఆరని కింది వరుస కదిలింది, కానీ పోలేదు. ముందు పళ్లెమంత బూడిదరంగు మబ్బు అయింది. తర్వాత పళ్లెం తాంబాళం అయింది. రుద్దినకొద్దీ సంఘం ఆస్తి పెరిగింది.

ఈలోగా రెండో అంతస్తు నుంచి అపార్ట్‌మెంట్ కమిటీ చూసే దుర్గాభవాని దిగివచ్చింది.

"అంకుల్, పార్కింగ్‌ల గుర్రం పెట్టనీకి రూల్ లేదు."

"పెట్టకూడదని కూడా లేదు కదమ్మా."

"టూ వీలర్‌కు వంద, ఫోర్ వీలర్‌కు రెండొందలు. గిది దేంట్ల రాయాలె?"

"నాలుగు కాళ్లున్నయి బిడ్డా, ఫోర్ వీలరే రాయి," అన్నాడు చంద్రయ్య. ఆమె నిజంగానే రాసుకుంది.

రెండు డబ్బాల పౌడరు చల్లారు. బూడిదరంగు కాస్త తగ్గింది. అక్షరాలు మాత్రం మంచులో నిలబడ్డ మనుషుల్లా లోపలినుంచి కనబడుతూనే ఉన్నాయి. చివరికి తారామణి లోపలికెళ్లి పోచంపల్లి పట్టుచీర తెచ్చింది.

"దీనికేమన్నా అయితే ఎవరిది పూచీ?"

"సంఘానిది," అన్నాడు విశ్వనాథం.

"రాసివ్వండి."

రాసిచ్చాడు. ఆమె రెండుసార్లు చదువుకుని చీర ఇచ్చింది. నాలుగు మడతలు వేసి వెనక భాగమంతా కప్పి, తోక దగ్గర ముడి వేశారు. కొంచెం దూరం నుంచి చూస్తే అది అలంకారమే.

"నడువుండ్రి సార్," అన్నాడు జహంగీర్.

"నేనెందుకు?"

"గుర్రం మీది గదా. నేను పట్టుకునేటోన్ని. తోవల ఏమన్న అయితే పూచీ నాది గాదు."

అలా ఇంటి చెప్పులతోనే విశ్వనాథం బయల్దేరాడు. హెచ్ఎంటీ నగర్ మీదుగా నాచారం దాకా నడిచారు. మంచు విడుతోంది. ఎండ పలచగా, ఇంకా నమ్మకం కుదరనట్టు పడుతోంది. గుర్రం పక్కకు రాగానే స్కూటర్లు నెమ్మదించాయి. ఇస్త్రీ బండి దగ్గర మనిషి పెట్టె ఎత్తి పట్టుకుని దించడం మరిచాడు. ఎవరో ముసలమ్మ ఎవరికో తెలియకుండానే దండం పెట్టింది. డెక్కల చప్పుడు తప్ప వీధిలో అన్నీ ఎక్కడో దూరంగా జరుగుతున్నట్టున్నాయి. ఒక మలుపులో గుర్రం మెడ తిప్పి విశ్వనాథాన్ని చూసింది. దాని కంట్లో వీధి మొత్తం ఉంది, ఇంటి చెప్పులతో అతనూ ఉన్నాడు. ముప్పై మూడేళ్లలో అతను లెక్క రాసిన వస్తువుల్లో ఒక్కటీ తిరిగి అతని వైపు చూడలేదు.

ఆ మెత్తదనం నాచారంలో బ్యాండు మొదలయ్యేదాకా ఉంది.

పెళ్లికొడుకు హృషికేశ్ పొడుగ్గా, సన్నగా, ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయేలా ఉన్నాడు. గుర్రం ఎక్కాడు. అతని తల్లి భాగ్యశ్రీ చీరవైపు మెచ్చుకోలుగా చూసి, "అలంకారం బాగుంది, అద్దె ఎక్కువడగరు కదా," అంది. ఊరేగింపు సాగింది. గుర్రానికి చెమట పట్టేకొద్దీ పౌడరు జారి, వెనకాల రోడ్డు మీద తెల్లటి గీత పడింది. ఫంక్షన్ హాలు గేటు ముందు బాకా ఒకటి చెవి పక్కనే మోగింది. చాందినీ ఒళ్లు విదిల్చింది. ముడి ఊడి పట్టుచీర నేల మీద పడింది.

గేటు దగ్గర దండ పట్టుకుని పెళ్లికూతురు తండ్రి గంగాధరరావు నిలబడి ఉన్నాడు. అతను ముప్పై ఏళ్లు బ్యాంకులో చేశాడు. ఆఖరి పదేళ్లు మొండి బకాయిలు వసూలు చేశాడు. ఎక్కడ ఏ రాత కనబడినా చదవకుండా ఉండలేడు.

"సంఘం ఆస్తి," అని పైకి చదివాడు. దండ పక్కవాళ్లకిచ్చాడు. "ఆపండి."

బ్యాండు తడబడి, పూర్తిగా ఆపాలో అక్కర్లేదో తెలియక చిన్నగా వాయించసాగింది.

"ఏమైంది అన్నయ్య గారూ?" అంది భాగ్యశ్రీ.

"ఇది జప్తు చేసిన గుర్రం. పదేళ్లు నేను ట్రాక్టర్లు, లారీలు, కోళ్లఫారాలు జప్తు చేశాను. ఇలాగే రాయించేవాణ్ణి. ఇంత ముచ్చటగా కాదు. ఎవరో అప్పు ఎగ్గొట్టిన గుర్రం మీద మా అల్లుడు మా గేట్లోకి రావడమా?"

"గుర్రం అద్దెది. ఎవరు ఎగ్గొడితే మాకేం?"

"జప్తులో ఉన్న వస్తువు వాడుకోవడం తప్పమ్మా. మీకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు."

గుర్రం మీద హృషికేశ్ దిగాలా వద్దా అని అడుగుదామని చూశాడు. అడగడానికి ఎవరూ ఖాళీగా లేరు. జహంగీర్ కళ్లెం దగ్గరకు లాగి పట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్లలో అతను తెచ్చిన ఏ పెళ్లికొడుకూ గేటు దగ్గర ఆగిపోలేదు.

విశ్వనాథం చీర తీసి భుజాన వేసుకుని ముందుకొచ్చాడు. "గుర్రం మాది. జప్తు చెయ్యలేదు. కొన్నాం."

"ఎందుకు?"

"అమ్మడానికి."

"ఎవరికి?"

"ఇతనికి," అని జహంగీర్‌ని చూపించాడు. "వడ్డీ లేని పద్ధతి. గుర్రం కొని, లాభం వేసి, వాయిదాల మీద అమ్ముతాం."

గంగాధరరావు నవ్వాడు. "మాకూ చెప్పారండీ ఇవన్నీ ట్రెయినింగుల్లో. వడ్డీకి లాభం అని పేరు మార్చారు, అంతే. తేడా ఏది?"

విశ్వనాథానికి ముఫ్తీ సాబ్ చెప్పిన మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. గుర్రం తొడ వైపు చెయ్యి చాపాడు. "తేడా అదిగో, అక్కడుంది. ఆ మచ్చ నేను చేశాను. నష్టం సంఘానిది. ఇతను కొంటే ధర తగ్గిస్తాం, వద్దంటే గుర్రం మాకే మిగులుతుంది. ఇతను పైసా కట్టక్కర్లేదు. మీరు అప్పిచ్చిన గుర్రం ఇలా పాడైతే, కిస్తీ ఆపేవారా?"

గంగాధరరావు ముప్పై ఏళ్ల ఉద్యోగం వెనక్కి తిప్పి చూసుకుంటున్నట్టు, గుర్రాన్నే చూస్తూ నిలబడ్డాడు. బ్యాండువాళ్లు కూడా విందామని వాయించడం ఆపారు.

"ఆపేవాళ్లం కాదు," అన్నాడు చివరికి. "రంగు మేమే పూసినా, ఆ రంగు ఖర్చు కూడా అతని ఖాతాలోనే రాసేవాళ్లం."

ఆ సమయానికి పెళ్లికూతురు గీతిక పూలజడతో గేటు దాకా వచ్చేసింది. "నాన్నా, ముహూర్తానికి ఏడు నిమిషాలుంది. గుర్రం ఎవరిదో నిదానంగా తేల్చుకోండి. పెళ్లికొడుకు మాత్రం నావాడు, లోపలికి పంపండి."

పంపారు.

రెండు గంటలకు ఫంక్షన్ హాలు వెనక మెట్ల మీద జహంగీర్, విశ్వనాథం కూర్చున్నారు. చాందినీ వాడిపోయిన బంతిపూల దండ తింటోంది. జహంగీర్ జేబులోంచి డబ్బు తీసి ఇచ్చాడు.

"కిరాయి సార్. నా కూలి తీస్కున్న."

"నాకెందుకు?"

"గుర్రం మీది గదా. కిరాయి మీదే."

విశ్వనాథం ఆ డబ్బు లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు. సంఘం గదిలో అతని బల్ల ముందు ఒక బెంచీ ఉంది. పన్నెండేళ్లుగా అప్పు కావలసినవాళ్లు ఆ బెంచీ మీద కూర్చుని, అతను తలెత్తి చూసేదాకా ఆగేవాళ్లు. ఇప్పుడు చూసుకుంటే జహంగీర్ పై మెట్టు మీద ఉన్నాడు. తను కింది మెట్టు మీద ఉన్నాడు.

"కొంటావా జహంగీర్?" అన్నాడు. ఆ గొంతు అతనికి తెలుసు. అప్పు ఇస్తారా సార్ అని అడిగేవాళ్ల గొంతు.

"సోచాయించాలె సార్."

జహంగీర్ లేచి గుర్రం పళ్లు చూశాడు. డెక్కలు ఎత్తి చూశాడు. మచ్చను దగ్గరగా, దూరంగా, పక్కనుంచి చూశాడు. ఏమాత్రం తొందరపడలేదు. విశ్వనాథం ఎదురుచూశాడు. ఎండ వెచ్చగా ఉంది. లోపల వడ్డన గిన్నెల చప్పుడు. ఎదురుచూస్తూ ఉండగా అతనికి ఒక ఊహ వచ్చింది. వద్దంటే? రోజూ పొద్దుట మంచులో ఈ తెల్లటి తల వంటింటి కిటికీలో ఉంటుంది. తను కుర్చీ వేసుకుని పక్కన కూర్చుంటాడు. రిజిస్టరు రాయక్కర్లేదు. వద్దంటే బాగుండునని ఒక్క నిమిషం మనసారా కోరుకున్నాడు. ఆ నిమిషంలో జహంగీర్ ఇరవై ఆరేళ్లు అతనికి అసలు గుర్తు లేవు. ఎంత మంచి మనిషైనా ఒక పూట యజమాని అయితే చాలు, అవతలివాడి కూలి బతుకు కనబడదు.

"మచ్చ మీద కొత్త బొచ్చు రానీకి మూడు నెలలు పడ్తది," అన్నాడు జహంగీర్. "గప్పటిదాకా ఎడమదిక్కు ఫొటోలు తీయొద్దని ప్రతి పెండ్లిల చెప్పుకోవాలె. ఎనిమిది వేలు తగ్గించుండ్రి."

"నాలుగు."

"ఏడు. మీరు ముసలోళ్లని ఒక వెయ్యి ఇడుస్తున్న."

"ఆరు."

"ఆరంటే ఆరు. గని సార్, ఇగ నంబరు ఏయొద్దు."

సంఘం వేసుకున్న లాభంలో చాలా భాగం ఆ మచ్చ కింద పోయింది. కిరాయి డబ్బుతో కొంత తిరిగొచ్చింది. ఇద్దరూ నిలబడ్డారు.

"అమ్మాను," అన్నాడు విశ్వనాథం.

"కొన్న," అన్నాడు జహంగీర్.

గుర్రం దండ తింటూనే ఉంది. జహంగీర్ మాత్రం ఏం చెయ్యాలో తోచనివాడిలా నిలబడ్డాడు. లాల్చీ అంచుతో కళ్లు తుడుచుకుని, అత్తరు ఘాటని చెప్పాడు.

"ఎక్కు జహంగీర్. నీదే కదా."

"పొద్దుగాల సంది నిలబడే ఉంది సార్. అలిసిపోయింది," అని అతను కళ్లెం పట్టుకుని, రోజూ నడిచినట్టే దాని పక్కన నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

నాలుగింటికి ఉప్పల్‌లో సంఘం గది నిండి మెట్ల దాకా జనం ఉన్నారు. చీర కోసం భర్తను వదలకుండా తారామణి కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. చంద్రయ్య లేచి నివేదిక చెప్పాడు.

"ఒక గుర్రం కొన్నం. పాడు జేసినం. కిరాయికి తిప్పినం. పెండ్లి ఆపినం, మళ్ల జరిపించినం. తగ్గించి అమ్మినం. అయినా సంఘానికి నాలుగు రూపాయలు మిగిలినయ్. ఒక్క దినంల ఇంత పని ఈ సంఘం పుట్టినప్పటి సంది చేయలే. మారుదామంటరా, వద్దంటరా?"

చేతులు లేచాయి. వడ్డీ దోపిడీ అన్నవాళ్లవీ, ఇంతేనా అన్నవాళ్లవీ లేచాయి. విశ్వనాథం ఉదయం నుంచి మొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. ఇకనుంచి తను కొంటాడు, తను ఉంచుకుంటాడు, తను అమ్ముతాడు. ముందు వరుసలోంచి కూరగాయలమ్మే సాలమ్మ లేచింది.

"సారూ, నాకు ఇరవై మేకలు కావాలె. ఎన్నడు కొంటవు?"

విశ్వనాథం కళ్లు దూరంగా ఎటో పోయాయి. ఇరవై. రెండు నుంచి ఇరవై ఒకటి దాకా. అతని చెయ్యి రిజిస్టరు మీదికి వెళ్లింది.

వెనకనుంచి జహంగీర్ లేచాడు. "అధ్యక్షా, ఒక మాట. పద్ధతి మంచిగుంది. సార్ మంచోడు. గని కొన్న వస్తువును పట్టుకునే పని సార్‌కు వద్దు. నాకియ్యుండ్రి. కూలి గూడ అడగ."

గది ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నట్టయింది. చంద్రయ్య తీర్మానం చెప్పాడు. కార్యదర్శి కాబట్టి విశ్వనాథమే దాన్ని మినిట్స్ పుస్తకంలో రాసుకోవలసి వచ్చింది. సంఘం కొన్న ఏ వస్తువైనా అమ్ముడుపోయేదాకా జహంగీర్ స్వాధీనంలో ఉండును. కార్యదర్శి విశ్వనాథం గారు ఆ వస్తువుకు పది అడుగుల లోపలికి రాకూడదు. ఒక్క అక్షరమూ వంకర పోకుండా రాశాడు.

"బలపరిచేటోళ్లు?" అన్నాడు చంద్రయ్య.

అందరికంటే ముందు తలుపు దగ్గర తారామణి చెయ్యి లేచింది. ఆమె సంఘంలో సభ్యురాలు కాదన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.